మొదటి పాచిక

ప్రతి ఇంటివారూ వారానికోసారి కథాబల్ల దగ్గర ఆడి తీరాలని చట్టం వచ్చి పదకొండేళ్ళయింది. ఎవరి పాత్ర వారు ధరించి, పాచికలు వేస్తూ ఒక కథను చివరిదాకా నడపాలి. అది ముగిసేదాకా ఆ బల్లవారెవరికీ ఊరు విడిచే అనుమతి ఉండదు.

కథ నడిపించే సరోజినికి మార్కాపురం కాలేజీలో ఉద్యోగం వచ్చింది. వాళ్ళ వంశంలో అదే మొదటి ఉద్యోగం. సోమవారం చేరకపోతే పోతుంది. కథలోని కోట తలుపు తెరిస్తే ఆట అయిపోయినట్టే, కానీ బల్లలో అందరికన్నా పెద్దవారైన పానకాలు గారు ఎనిమిది నెలలుగా తెరవనివ్వడం లేదు.

"ఇవాళైనా తెరవండి, బాబాయ్ గారూ."

"తొందరేమిటమ్మా? మా వీరుడికి మోకాళ్ళ నొప్పులు. ఇవాళ విశ్రాంతి."

తప్పు ఆమెదే. మొదటి రోజున మర్యాదకొద్దీ "పెద్దవారు, ముందు మీరు వేయండి" అంది. బల్ల ఆ మాటను నియమంగా రాసేసుకుంది. అప్పటినుంచి అందరికన్నా పెద్దవారిదే మొదటి పాచిక, వారి మాటే ఆ వారం నిర్ణయం.

చివరి ఆదివారం సరోజిని పై అంతస్తులోని తొంభై ఒక్కేళ్ళ చిట్టెమ్మ గారిని బతిమాలి బల్లలో చేర్చింది. పానకాలు గారి ముఖం మాడిపోయింది.

"తలుపు తీస్తున్నానని ఒక్క మాట అనండి చాలు, అమ్మమ్మగారూ."

చిట్టెమ్మ గారు పాచిక వేసి, చుట్టూ ఉన్న అందరినీ కళ్ళారా చూసుకున్నారు.

"ఇంట్లో నాతో మాట్లాడే దిక్కే లేదు తల్లీ. తలుపెక్కడికి పోతుంది? వచ్చే వారం చూద్దాం. ఆ పకోడీలు ఇటు పెట్టు."

"అదీ మాట, పిన్నిగారూ!" అన్నారు పానకాలు గారు.

సరోజిని పళ్ళెం జరిపింది.