గంప కింద తుమ్ము

గంప కింద దాక్కున్న మొగుడి తోలుబొమ్మ తుమ్మింది. గంప మీద కూర్చున్న పెళ్లాం బొమ్మ అదిరిపడింది.

"ఏమే గంపా, జలుబు చేసినాదా?" అంది నరసక్క తెర వెనక నుంచి, పెళ్లాం బొమ్మ గొంతుతో.

హిందూపురం కల్యాణమండపంలో ఒక్క నవ్వు లేదు. నరసక్క తెర పక్కనుంచి తొంగి చూసింది. సగం మంది ఫోన్లలో ఉన్నారు. మిగతా సగం భోజనాల వైపు చూస్తున్నారు.

మొగుడి బొమ్మ ఆడిస్తున్న ఆమె భర్త గోవిందప్ప ఆమె మూతి వైపే చూస్తున్నాడు. ఆమె ఆయన కాలు తొక్కింది.

ఆయన ఆగాడు. హాస్యం వేశాక జనం నవ్వి తేరుకునేదాకా ఆగాలన్నది వాళ్ల నాయన నేర్పిన పద్ధతి. బొమ్మ తాపీగా తల గోక్కుంది. ఆ నిశ్శబ్దంలో ఎవరో దగ్గారు.

పోయిన వారం పెనుకొండలోనూ ఎవరూ నవ్వలేదు. అక్కడ ఆమె కాలు తొక్కలేదు. బొమ్మల్ని పెట్టెలో సర్దుతూ ఆయన అన్నాడు: "నవ్వించలేనోడు బొమ్మ పట్టగూడదు. హిందూపురంలోనూ ఇట్లే అయితే ఇంక ముట్టను." అప్పట్నుంచి సరిగ్గా అన్నం తినలేదు.

పెళ్లికి ఆట మాట్లాడిన కిషోర్ తెర వెనక్కి వచ్చాడు.

"ఏమప్పా, ఎవురూ నవ్వడం ల్యా. బిరీన ముగించు."

గోవిందప్ప తల తిప్పలేదు.

"బొమ్మ పడితే ఆయప్పకు లోకం తెలీదు నాయనా. రవ్వంతసేపు ఉండు," అంది నరసక్క.

"ఉంటే పెళ్లికొడుకు మామ నన్ను తంతాడవ్వా."

ఆమె గొంతు పెంచింది. పెళ్లాం బొమ్మ చీపురెత్తి గంపను బాదింది. గంపకు కాళ్లొచ్చి తెరంతా పరుగెత్తింది. చెమట నరసక్క కళ్లలోకి దిగుతోంది. బయట గరిటెల చప్పుడే. నవ్వండమ్మా, ఒక్కసారి నవ్వండి, అనుకుంది. కాలు తొక్కింది. మళ్లీ తొక్కింది.

ఆయన ప్రతిసారీ ఆగాడు. ఆగినప్పుడల్లా కిషోర్ నెత్తి కొట్టుకున్నాడు. చివరికి తెర వెనక బల్బు తనే ఆర్పేశాడు. జనం భోజనాలకు లేచారు.

గోవిందప్ప తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కళ్లు మెరుస్తున్నాయి.

"చూసినావా మే, నా బొమ్మలో ఇంకా జీవం ఉండాది. ధర్మవరం ఆట కూడా ఒప్పుకుందాం."

నరసక్క తలూపింది.

తన చెవులు పూర్తిగా పోయిననాడు, జనం నవ్వినప్పుడల్లా కాలు తొక్కమని ఆమెకు చెప్పింది గోవిందప్పే.