లాల్‌సింగ్ అర్జీ మీద విచారణ

పోలీసు చేత పదిమంది ముందు 'తప్పయింది' అనిపించిన మొనగాడు దమ్మపేట నుంచి బూర్గంపాడు దాకా ఒక్కడే ఉన్నాడు. వాడు లాల్‌సింగ్. కావాలంటే ఆ అడవి దారి పొడుగునా ఎవరినైనా అడగండి.

పొద్దున పదకొండు గంటలకు తండాలోకి మోటార్ సైకిల్ వచ్చి ఆగింది. దాని మీది మనిషిని చూడగానే, మంచం మీద కూర్చున్న లాల్‌సింగ్ ఎడమ చెంప దానంతటదే చురుక్కుమంది. వచ్చినవాడు హెడ్ కానిస్టేబుల్ సారంగపాణి. ఇరవై రోజుల కిందట, తారు రోడ్డుకు అడ్డంగా ఆరబోసిన మక్కజొన్నలు ఎవరివని అడక్కుండానే లాల్‌సింగ్ చెంప పగలగొట్టింది అతనే. ఆ మక్కలు పక్క గూడెం బొజ్జయ్యవి. లాల్‌సింగ్ అక్కడ బస్సు కోసం కూర్చున్నాడు, అంతే.

"లాల్‌సింగ్ అంటే ఎవరు?" సారంగపాణి ఫైలు తెరిచాడు.

"నేనే సార్. గంత జల్దీ మర్చిపోయినవా?"

"పై ఆఫీసుల అర్జీ పెట్టినవంట గద. ఎంక్వైరీకి వచ్చిన."

పొయ్యి దగ్గరున్న లాల్‌సింగ్ భార్య పూలి గంటె పట్టుకునే బయటికొచ్చింది. "ఏంది సారూ, కొట్టినోళ్లే ఎంక్వైరీకి వస్తరా?"

"అర్జీ జిల్లాకు పోయింది. జిల్లాకెల్లి డివిజన్‌కు, డివిజన్‌కెల్లి స్టేషన్‌కు వచ్చింది. స్టేషన్ల ఈ బీటు నాది. నేను గాక మీ అల్లుడొస్తడా?"

తండా అంతా చుట్టూ మూగింది. లాల్‌సింగ్‌కు పరిహారం అక్కర్లేదు, హెడ్డు ఉద్యోగం ఊడాలని కూడా లేదు. అతను తండాకు నాయక్, తగువులు తీర్చే పెద్ద. తగువు ఏదైనా సరే, తప్పు చేసినవాడు అందరి ముందు నిలబడి 'తప్పయింది' అనాలి. అంతటితో ఆ ముచ్చట ముగిసినట్టు. అదీ వాళ్ల కట్టుబాటు. తన చెంపకే ఆ మాట రాబట్టుకోలేని నాయక్ ఇంకొకరికి తీర్పేం చెబుతాడు? అందుకే ఇరవై రోజులుగా అతను తగువులకు కూర్చోవడం మానేశాడు.

"కొట్టినోని ఆనవాళ్లు చెప్పు," అన్నాడు సారంగపాణి.

"మనిషి నీ అంత పొడుగు. పొట్ట గూడ గిట్లనే ఉండె. మీసం మటుకు గప్పుడు ఇంకొంచెం నల్లగుండె సార్."

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సారంగపాణి తల ఎత్తకుండా 'గుర్తు తెలియని వ్యక్తి' అని రాసుకున్నాడు.

"సాక్షులు ఎవరన్న ఉన్నరా?"

"నేనున్న సార్," బొజ్జయ్య ముందుకొచ్చాడు. "మక్కలు నావే. నా దెబ్బ నాయక్ తిన్నడు."

"అయితే నీది ఇంకా పెండింగ్ ఉన్నట్టు."

బొజ్జయ్య గబుక్కున పూలి వెనక్కి నక్కాడు.

"సరే, దెబ్బ సామాన్యం అని రాస్తున్న," అన్నాడు సారంగపాణి.

"సామాన్యమెట్లయితది? నీకేం ఎరుక సార్?"

"నాకెరుక లేకపోవుడేంది? కొట్టింది నే..." అని టక్కున ఆగి పెన్ను విదిలించాడు.

లాల్‌సింగ్ మంచం దిగాడు. "నోటితోని చెప్తే తెల్వదు సార్. టీవీల చూపెడ్తరు గద, నేరం జరిగిన జాగకు తోల్కపోయి జరిగింది జరిగినట్టు మళ్ల చేయిస్తరు. మనం గూడ గట్ల చేద్దాం. నువ్వు నా లెక్క కూసో. నేను నీ లెక్క నిలబడ్త."

పొయ్యి మీద నాటుకోడి ఉడుకుతోంది. ఆ వాసనకు సారంగపాణికి ఈ పని తొందరగా తెమిలితే చాలనిపించింది. టోపీ సర్దుకుని మంచం మీద కూర్చున్నాడు.

"చెయ్యి లేపి చూపెట్టు, చాలు. తాకించకు."

"అయ్యో, ఎంత మాట! తాకిస్తనా సార్?"

చెయ్యి లేచింది. ఫెడేల్‌మంది. టోపీ ఎగిరి కోళ్ల గంప మీద పడింది. ఆ చప్పుడుకు చెరువు గట్టున కొంగలన్నీ ఒక్కసారి లేచి, గోదారి దాటి, భద్రాచలంలో వాలాయి.

"పోలీసు మీద చెయ్యేస్తవా! కేసు పెడ్త! లోపలేస్త!" సారంగపాణి ఎగిరి నిలబడ్డాడు.

"పెట్టు సార్," లాల్‌సింగ్ అరచెయ్యి ఊదుకుంటూ అన్నాడు. "ఎంక్వైరీకి నేనే వస్త. కొట్టినోడే వచ్చుడు గద మీ రూలు? సోమారం పొద్దుగాల ఫైలు పట్టుకొని స్టేషన్‌కొస్త. నువ్వు ఆనవాళ్లు చెప్పు, నేను గుర్తు తెలియని వ్యక్తి అని రాసుకుంట."

"దెబ్బ సామాన్యం అని గూడ రాయి," అంది పూలి.

తండా పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వింది. సారంగపాణి చెంప పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. కేసు పెడితే ఇదంతా కాగితం మీదికి ఎక్కుతుంది. విచారణకు పోయిన హెడ్డు మంచం మీద కూర్చుని మరీ దెబ్బ తిన్నాడని జిల్లా అంతా చదువుకుంటుంది. మెల్లగా వెళ్లి టోపీ తీసుకుని, ఈకలు దులిపి, "తప్పయింది, నాయక్," అన్నాడు. తర్వాత పూలి పెట్టిన కోడికూరలో రెండు ముక్కలు అడిగి మరీ వేయించుకుని, తిని, బండెక్కాడు.

కొంగల దగ్గరే మీకు అనుమానం వచ్చి ఉంటుంది, ఈ కథ చెప్పే ముసలాడు కోతలు కోస్తున్నాడని. కొంగలు లేచిన మాట నిజం. దెబ్బ నిజం. కొట్టినవాడే విచారణకు రావడం అన్నిటికన్నా నిజం. రెండు ముక్కలు అడిగి వేయించుకోవడం కూడా నిజమే.

నేను సొంతంగా కలిపింది ఒక్కటే: ఆ 'తప్పయింది' అన్న మాట.