చెల్లెలి సాక్ష్యం

సొంత చెల్లెలి కన్నీళ్లు చూసి అసూయపడే అక్కను మీరెప్పుడైనా చూశారా?

కె.ఆర్.పురంలో నేను చూశాను. చిన్నప్పుడు సండేస్కూలు బోధకుడు తనను తాకరాని తీరుగా తాకేవాడని చెల్లెలు కెజియా ఇన్‌స్టాగ్రామ్‌లో చెప్పింది. అది విని అమ్మ ఆమెను కావలించుకుని ఏడ్చింది. అక్క రెబెకా చేతిలోని గిన్నె విసిరికొట్టింది.

“నీదే అదృష్టమప్పా! నోరు తెరిస్తే చాలు, అమ్మ ఒళ్లోకి తీసుకునింది.”

“నా ఏడుపు మీద కూడా కుళ్లేనా అక్కా?”

“కుళ్లే! ఆ సండేస్కూలు ఆయప్ప నన్నూ వదల్లేదు. నాకు పదేళ్లప్పుడే అమ్మకు చెప్పినా. దైవజనుని మీద నింద పాపమని నాచేతే ఆయప్ప కాళ్లు పట్టించింది.”

దేవుని బిడ్డలారా, ఆ బోధకుని సండేస్కూలు ఇంకా నడుస్తోంది. చీకటి క్రియలను బయటపెట్టమంటోంది వాక్యం. ఆదివారం దాకా ఆగకండి. మీ బిడ్డను ఈరోజే అడగండి, నమ్మండి, పోలీస్ స్టేషన్‌కు తోడు నడవండి!