పచ్చచుక్క

“ఇదెక్కడి న్యాయం సార్?” అంటూ లాయరమ్మ మళ్ళీ లేచింది.

క్లాసంతా గొల్లుమంది. ఓపెన్ స్కూల్లో ప్లస్ టూ జాగ్రఫీ క్లాసు అది. లాయరమ్మ అన్న పేరు పెట్టింది క్లాసులోవాళ్ళే. లేచిందంటే వాదించకుండా కూర్చోదు మరి!

గోడమీద జనాభా పిరమిడ్ చార్టు. ఎవరి వయసు వరసలో వాళ్ళు చుక్క అంటించాలి. పదిహేను నుంచి అరవై దాకా పనిచేసే జనాభా, పచ్చచుక్క. ఆ కిందివాళ్ళూ పైవాళ్ళూ ఆధారిత జనాభా, ఎర్రచుక్క.

“ఆ మొదటి బెంచీ వీరుడికి పదిహేడేళ్ళు. బస్సు టికెట్టుకి కూడా నాన్న జేబే తడుముతాడు. వాడేమో ఇంటిని పోషించేవాడా?”

వీరుడు తల గోక్కున్నాడు.

“మా ఇంట్లో అరవై దాటినావిడ ఉంది. ఇంటద్దె ఆవిడ కుట్టుమిషన్ మీదే నడుస్తోంది. ఇల్లంతా ఆవిడ మీద పడి తింటుంటే, ఆధారపడింది ఆవిడా?”

“అబ్బా, నువ్వూరుకో!” అని పక్కనున్న పిల్ల చెయ్యి పట్టి లాగింది.

“లాయరమ్మగారూ, ఆ పుస్తకం మీరు రాశారా, నేను రాశానా?” అన్నారు సార్. “చార్టు పుస్తకం ప్రకారం లేకపోతే మీ ప్రాక్టికల్ రికార్డు మీద నా సంతకం పడదు. సంతకం లేకపోతే హాల్ టికెట్ రాదు. ఆలోచించుకోండి.”

లాయరమ్మకి ఇంట్లో అసలే రోజూ యుద్ధం. ‘పెళ్ళి పెట్టుకుని పరీక్షలేంటి, నలుగురూ నవ్వరూ?’ అని మగాళ్ళంతా ఒకటే నస. కావాలంటే పెళ్ళి వాయిదా వేసుకోండి, నేను మాత్రం పరీక్ష రాసి తీరతానని మొహం మీదే చెప్పేసింది. ఇప్పుడు హాల్ టికెట్టే రాకపోతే ఆ ఇంట్లో ఎలా తలెత్తుకోవడం?

అయినా సరే, ఒళ్ళు మండిపోయింది.

“సంతకం పెట్టకండి సార్. వచ్చే ఏడు మళ్ళీ వస్తా. ఆ పై ఏడూ వస్తా. విసిగిపోయేది మీరే!”

విసవిసా వెళ్ళి డబ్బాలోంచి ఓ పచ్చచుక్క తీసుకుంది. కుర్చీ లాక్కుంది. పక్కనున్న పిల్ల లబలబలాడుతూ వెనకే పరిగెత్తింది.

లాయరమ్మ కుర్చీ ఎక్కి, చార్టు కొసన అరవై దాటినవాళ్ళ వరసలో తన పచ్చచుక్కని అదిమి అంటించి, “గట్టిగా పట్టుకోవే, పడతాను!” అని పెళ్ళి కుదిరిన మనవరాలిని కసిరింది.