ఒకే జవాబు, రెండు చేతిరాతలు

“ఈ చివరి అధ్యాయం తీసెయ్. మిగతాది ఇచ్చేద్దాం,” అంది సైన్సు మేడమ్.

“తేలిన సంగతంతా అందులోనే ఉంది మేడమ్. అది తీసేస్తే ఇక మిగిలేది అట్టలే,” అంది అమ్మాయి.

స్కూలు ఆఖరి ఏడాదిలో ప్రతి ఒక్కరూ సొంతంగా ఒక పరిశోధన వ్యాసం రాయాలి. గడువు ఆ సాయంత్రమే. స్టాఫ్‌రూములో అందరూ ‘లాయరమ్మ’ అని పిలుచుకునే ఈ అమ్మాయి ఎంచుకున్న విషయం, చేతిరాతను బట్టి మార్కులు మారతాయా అని. ఒకే జవాబును వాళ్ళమ్మ చేత ముత్యాల్లాంటి అక్షరాలతో రాయించింది. అదే జవాబును బాబాయి చేత కోడిగీతల్లో రాయించింది. వేరే స్కూలు పిల్లల పేపర్లని చెప్పించి, ప్రిన్సిపాల్ గారి ద్వారా టీచర్లందరికీ ముందు ముత్యాలు, కొన్నాళ్ళాగి కోడిగీతలు పంపింది. రెండింటికీ అక్షరం తేడా లేదు. అయినా కోడిగీతలకు అందరూ మార్కులు తెగ్గోశారు.

“మీరు వేసిన మార్కులు కూడా ఉన్నాయనేగా మేడమ్ తీసెయ్యమంటున్నారు?”

చుట్టూ ఉన్న టీచర్లకు ఉన్నట్టుండి బల్ల మీది కాగితాలతో పని పడింది. లెక్కల మాస్టారు ఖాళీ టీ కప్పునే మరోసారి తాగాడు.

“అది కాదే...”

“పేర్లెక్కడా రాయలేదు మేడమ్. ఎవరి పరువూ పోదు.”

“పరువు గొడవ కాదు. ఒక్కరు కూడా తప్పకుండా అందరూ తగ్గించారే, నీకు అనుమానం రాలేదూ?”

“ఎందుకొస్తుంది? అలవాటు అంతలా పాతుకుపోయిందన్నమాట!” ఆ అమ్మాయి గొంతులో తడబాటు లేదు. వ్యాసాన్ని మేడమ్ ముందుకు జరిపింది. “ఏమడుగుతారో అడగండి. జవాబు చెప్పలేకపోతే నేనే చింపేస్తాను.”

లెక్కల మాస్టారు ఇక ఉండబట్టలేకపోయాడు. “చెప్పేయండి మేడమ్. ఇంకాసేపుంటే మనందర్నీ బోనెక్కించేస్తుంది!”

మేడమ్ నిట్టూర్చింది.

“మన ప్రిన్సిపాల్ గారి నోట్లో నువ్వుగింజ నానదమ్మా. రెండో విడత పేపర్లు రాకముందే సంగతంతా మాకు చెప్పేశారు.”

“తెలిసి కూడా తక్కువ వేశారా?”

“తెలిసే వేశాం. పిల్ల తిండీ నిద్రా మానుకుని తిరుగుతోంది, తీరా ఏమీ తేలకపోతే చిన్నబుచ్చుకుంటుందని అందరం కూడబలుక్కున్నాం. ఈ వ్యాసం స్కూల్లోనే ఉండిపోయేదైతే నోరు మెదిపేదాన్ని కాదు. యూనివర్సిటీకి పంపుతారని నిన్ననే తెలిసింది. తప్పుడు ఫలితం నీ పేరు మీద వెళ్ళడం నాకిష్టం లేదు.”

ఆ అమ్మాయి మొహం ఒక్కక్షణం పాలిపోయింది. నెలల తరబడి పడ్డ కష్టం కళ్ళముందే నీరుగారిపోయింది. అందరూ ఆమె ఏడుస్తుందనుకున్నారు.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఎవరు ముందు తగ్గిద్దామన్నారు? వద్దన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? అందరూ ఒక్కొక్కరుగా చెప్పండి. ఈసారి కూడబలుక్కోకూడదు,” అంది పెన్ను మూత తీస్తూ.

ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. లెక్కల మాస్టారయితే, ఆ ఆలోచన తనదేనని ముందే ఒప్పేసుకున్నాడు.

సాయంత్రం బెల్లు కొట్టకముందే కొత్త అధ్యాయం మేడమ్ చేతిలో ఉంది. చేతిరాత సంగతి ఈ పరిశోధనలో తేలలేదని, అభిమానం మార్కుల్ని మార్చేస్తుందని మాత్రం తేలిందని అందులో సూటిగా రాసింది. చదువుతూ చదువుతూ మేడమ్ లేచి నిలబడిపోయింది.

“ముందుదాన్ని తలదన్నేలా ఉందే! ఇంకేం ఆలోచించను, నూటికి నూరు వేసేస్తా!”

“వద్దు మేడమ్,” అంది అమ్మాయి, తన పేరున్న పై కాగితం ఊడదీసి సంచిలో పెట్టుకుంటూ. “దీన్ని నేనెవరో తెలియనివాళ్ళ చేత దిద్దించండి.”