కర్త లేని ఉత్తరం

చప్పట్లు మూడోసారి మోగేసరికి పెద్దకోడలి చేతిలో ఎర్రకలం ఆగిపోయింది.

చెక్కగోడకు అవతల తన తోడికోడలు పాఠం చెబుతోంది. ఆసుపత్రి యంత్రాలు తయారుచేసే ఆ కర్మాగారంలో వెల్డర్లకూ, కాపలావాళ్ళకూ, అక్కడి వైద్యశాల నర్సులకూ ఆ వారమంతా రాతలో శిక్షణ. పెద్దకోడలు యంత్రాల వాడుక పుస్తకాలు రాస్తుంది. చిన్నకోడలు ప్రకటనలు రాస్తుంది. శిక్షకురాలి పదవి మాత్రం ఒక్కటే ఉంది. ఎవరికన్నది శనివారం తేలుస్తానన్నాడు మేనేజరు.

"గేటు పుస్తకంలో 'అపరిచిత వ్యక్తి సంచరించుట గమనించబడినది' అని రాశారు. ఎవరు గమనించారన్నా?" చిన్నకోడలి గొంతు.

"నేనేనమ్మా," అన్నాడు కాపలాదారు.

"మరి ఈ వాక్యంలో మీరెక్కడున్నారు?"

"నేను గేటు దగ్గరే ఉన్నానమ్మా, ఒట్టు!"

గది గొల్లుమంది.

"'నేను చూశాను' అని రాయండన్నా. కర్త లేని వాక్యం తల లేని మొండెం."

మళ్ళీ చప్పట్లు.

"మీ చెల్లాయి మాటల పుట్టండీ," అంది పక్క బల్ల దగ్గరి టైపిస్టు. "మీరూ వెళ్ళి ఓ మూల కూచోకపోయారా? నాలుగు ముక్కలు తెలిసేవి."

"ఇల్లు అలకగానే పండుగ కాదులే," అంది పెద్దకోడలు. ఎర్రకలం కాగితాన్ని చీల్చింది.

తరగతి ముగిసింది. వేళ్ళకు సుద్దతో చిన్నకోడలు పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, విన్నావా? నా గొంతు వణికిందా?"

"వణకలేదు. ఊరేగింది."

చిన్నకోడలు నవ్వేసింది. "రేపు నీ పుస్తకంలో ఒక పేజీ చూపించనా వాళ్ళకి? ఆక్సిజన్ యంత్రం ఆపే పద్ధతి. ఏడే వాక్యాలు. ఒక్క మాట తీయలేం, ఒక్క మాట కలపలేం. అలా రాయడం నా వల్ల కాదక్కా."

"చూపించు. పంతొమ్మిదేళ్ళుగా నా పేరు లేకుండానే అచ్చవుతున్నాయి. ఇంకొక్క రోజు లేకపోతే ఏం?"

పొగడ్త పుండు మీద కారమైంది. భోజన విరామంలో అందరూ వెళ్ళిపోయాక పెద్దకోడలు టైపు యంత్రం ముందు కూర్చుని ఒక ఉత్తరం కొట్టింది. పేరు లేదు, తేదీ లేదు, సంతకం లేదు. తనను ఎవరూ పోల్చుకోకూడదని కావాలనే రెండు తప్పులు పెట్టింది. తిరిగి చదివినప్పుడు చెయ్యి ఊరుకోలేదు. రెండూ దిద్దింది. ఒక విశేషణాన్ని కూడా కొట్టేసింది. కాగితాన్ని మడిచి, మేనేజరు బల్ల మీది పేపర్‌వెయిట్ కింద ఉంచింది.

శనివారం అందరూ సమావేశపు గదిలో చేరారు. పెద్దకోడలు ముందు వరుసలో కూర్చుంది. చిన్నకోడలు వెనుక, వెల్డర్ల మధ్య.

"నాకో ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది," అన్నాడు మేనేజరు.

పెద్దకోడలు ఎర్రకలం మూత బిగించింది.

"చదువుతాను, వినండి. 'ప్రకటనల ఉద్యోగిని పాఠాలు చెబుతోంది. ఆ పాఠాలు ఆమెవి కావు. ఒక పాత పుస్తకం నుంచి దించింది. ఆమెను అడగండి. జవాబు వినేముందు ముఖం చూడండి.'"

మేనేజరు కాగితాన్ని బల్ల మీద పెట్టాడు.

"అబద్ధం," అన్నాడాయన. "ఆమెకు చెప్పకుండా పాఠాల చిత్తుప్రతులు తెప్పించి చూశాను. ఎన్ని కొట్టివేతలో! ఎత్తిరాసినవాళ్ళకు అన్ని కొట్టివేతలు ఉండవు. అది సరే. ఈ ఉత్తరం ఎవరికి అర్థం కాలేదో చెప్పండి."

"నాక్కూడా అర్థమైంది సార్," అన్నాడు కాపలాదారు.

"చివరి వాక్యం వినగానే తల తిప్పి ఆవిడ ముఖం చూశానండీ," అంది నర్సు, సిగ్గుపడుతూ.

"అందరం చూశాం!" అన్నాడొక వెల్డరు.

"అదీ రాతంటే," మేనేజరు కాగితాన్ని పైకెత్తాడు. "ఐదు వాక్యాలు. ఒక్క మాట ఎక్కువ లేదు. అబద్ధాన్నే ఇంత సూటిగా రాసినవారు నిజాన్ని ఇంకెంత బాగా రాస్తారు! మీకు పాఠం చెప్పాల్సింది వీరు. మాటిస్తున్నాను, శిక్ష లేదు. పదవి ఉంది. రాసినవారు లేచి నిలబడండి."

ఎవరూ కదలలేదు.

పంతొమ్మిదేళ్ళలో తన వాక్యాన్ని ఒకరు పైకి చదవడం పెద్దకోడలు వినలేదు. ఇది ఎవరు రాశారని అడగడం వినలేదు. లేస్తే పదవి. లేస్తే, సాయంత్రం ఒకే గుమ్మంలోకి ఇద్దరూ నడవాలి. అత్తగారు అడుగుతుంది, మరిది అడుగుతాడు. అక్కా అని పిలిచే నోరు ఇక పిలవదు. లేవబోయినది మళ్ళీ కూర్చుంది.

"ఎవరూ లేరా? సరే, ఇంకొకరి పేరు ఆలోచిస్తాను," అంటూ మేనేజరు కాగితాన్ని మడవబోయాడు.

ఆ మడత ఆమె గుండెల్లో పడింది. ఇల్లు ఏమైనా కానీ, ఈ ఒక్కసారి ఈ వాక్యాలు నావి అనాలి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. సగం లేచింది.

వెనుక వరుసలో కుర్చీ కిర్రుమంది.

"క్షమించండి సార్," అంది చిన్నకోడలు. "నా మీద ఆ ఉత్తరం రాసుకున్నది నేనే."