మూడో దొంతరలో మహిమ

పార్సిల్ మీది చిరునామా కాగితాన్ని సత్యవతి గోటితో గీకి తీసేసింది. మహిమ మీద స్టిక్కరు ఉండకూడదు.

"అట్టకు జర దుమ్ము పట్టించు మట్టయ్యా. మరీ మెరుస్తున్నది."

మిర్యాలగూడలో మట్టయ్యది పాత సామాన్ల దుకాణం. ఒకప్పుడు పెళ్ళిళ్ళకు మైకుసెట్లు కిరాయికి ఇచ్చేవాడు. అప్పటి గ్రామఫోను రికార్డులు మూలన మూడు దొంతరలుగా పడి ఉన్నాయి. అలవాటు కొద్దీ తువ్వాలుతో కొత్త రికార్డును దులపబోయాడు. అంతలో ఆమె చెప్పింది గుర్తొచ్చి, అదే తువ్వాలుతో దుమ్ము అద్దాడు.

"ఇది నాలుగోది గదమ్మా. సారు ఇంకా నమ్ముతడా?"

"నమ్మకుంటె ఏం జేస్తడు? కండ్ల ముంగట దొరుకుతుంటె."

"దొంతరలు ఎతకనే ఎతకడమ్మా. సక్కగ మూడోదాని కాడికే పోతడు. సంచి గూడ సరిగ్గ దాని కొలతదే తెస్తడు."

"ఆశ అట్లుంటది మట్టయ్యా."

సారంటే సత్యవతి భర్త రవీందర్. సూర్యాపేటలో ఫిజిక్సు లెక్చరరుగా రిటైరయ్యాడు. నలభై ఏళ్ళుగా హేతువాద సభల్లో ఉపన్యాసాలిస్తున్నాడు. విభూది రాల్చే స్వాముల గుట్టు రట్టు చేసిన మనిషి. ఆయనకున్న ఏకైక భక్తి ఒక అమెరికా సంగీత బృందం మీద. అరవైల చివర నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ, ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒకే వేదికెక్కి, సోల్ పాటకు సైకెడెలిక్ రంగులద్ది, ఫంక్ అనే కొత్త బాణీకి బాట వేసిన బృందమది. వాళ్ళ రికార్డులు మొదట ఆయన దగ్గర మూడే ఉండేవి. నాలుగు లేవు.

సత్యవతికి ఆ సంగీతం వింటే పిండిమర గుర్తొస్తుంది. ఆమె దిగులు వేరు.

రెండేళ్ళ కిందట రవీందర్‌కు గుండె ఆపరేషను జరిగింది. లోపలికి తీసుకుపోయే ముందు, మత్తులో కళ్ళు మూసుకుని పడుకున్న భర్త చెయ్యి పట్టుకుని, ఆమె జాన్‌పహాడ్ దర్గా సైదులుకు మొక్కుకుంది. "మనిషి బతికి బయటపడితే, ఈయన్నే తోలుకొచ్చి ఈయన చేత్తోనే నీకు చాదర్ కప్పిస్త."

మనిషి బయటపడ్డాడు. మొక్కే మిగిలిపోయింది. ఆ మాటెత్తితే రవీందర్ సర్జన్ పేరూ, ఆయన వేసిన కుట్ల లెక్కా చెబుతాడు. తీరని మొక్కు ఆమెకు కంటిలో నలుసయింది. ఆయన మెట్లెక్కి కాస్త ఆయాసపడినా, సైదులు గుర్తు చేస్తున్నాడేమోనని ఆమె గుండె జారేది.

అలాంటి రోజుల్లో దొరికింది ఒక జాబితా. ఆమె బీపీ మాత్రల డబ్బా కింద, అడుగున కత్తెరతో కత్తిరించిన కాగితం. మతిమరుపు మనిషి, ఎక్కడిది ఎక్కడ పెడతాడో ఆయనకే తెలియదు. ఒకటి నుంచి నాలుగు వరకు అంకెలు వేసి, లేని రికార్డుల పేర్లు, ఏది ఏ ఆన్‌లైన్ దుకాణంలో దొరుకుతుందో సహా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు.

ఆమె చెల్లెలి కూతురు సింధు కోదాడలో ఉంటుంది. తెప్పించే పని ఆ పిల్లది.

"ఇంత వివరంగా రాసి పెట్టుకున్న మనిషి, పెదనాన్నే తెప్పించుకోవచ్చు కదా పెద్దమ్మా?"

"కొనుక్కుంటె అది సేకరణ గాదంట. ఎతికి పట్టాలెనంట."

పద్ధతి చాలా తేలిక. పార్సిల్ కోదాడ నుంచి మిర్యాలగూడ చేరుతుంది. సత్యవతి ఇంట్లో, "ఇయ్యాల మీ రికార్డు కోసం సైదులును అడిగిన" అంటుంది. వచ్చే ఆదివారం ఆయన మట్టయ్య దుకాణానికి వెళితే, అది మూడో దొంతరలో దొరుకుతుంది.

"కాకతాళీయం," అన్నాడు రవీందర్ మొదటిసారి. "కాకి వాలింది, తాటిపండు రాలింది. అంతే."

రెండోసారీ అదే మాట. మూడోసారి కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"కాకి శాన తెలివైంది లెండి," అంది సత్యవతి. "నాలుగోది గూడ దొరికితే?"

"దొరికితే నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికి వస్త. ప్రయోగం చేసినోడు ఫలితానికి కట్టుబడాలె."

ఆదివారం సాయంత్రం రవీందర్ తుమ్ముకుంటూ ఇల్లు చేరాడు.

"ఓడిపోయిన," అన్నాడు అట్ట తుడుస్తూ. "దుమ్ము గూడ గట్టిగనే పట్టింది."

"యాభై ఏండ్ల దుమ్మాయె."

"అవును. యాభై ఏండ్లది."

మరుసటి శుక్రవారం జాన్‌పహాడ్‌లో రవీందర్ తలకు చేతిరుమాలు చుట్టుకుని, స్వయంగా చాదర్ కప్పాడు. చక్కెర పంచాడు. హేతువాద సంఘం మనిషి ఒకాయన ఎదురుపడి నోరు తెరిచాడు.

"సారూ, మీరు గీడ?"

"పందెం ఓడిపోయినయ్యా," అన్నాడు రవీందర్, పక్కవాళ్ళకు కూడా వినపడేలా.

నేరేడుచర్ల దాకా షేర్ ఆటోలో సత్యవతి ఆయన భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. రెండేళ్ళలో ఆమెకు పట్టిన మొదటి మంచి నిద్ర. దిగేటప్పుడు మాత్రం, మొగుణ్ణి మోసం చేశానా అని ఒక్క క్షణం అనిపించింది. సైదులు సర్దుకుంటాడులే అనుకుంది.

ఇంటికి రాగానే రవీందర్ నాలుగో రికార్డు పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. పిండిమర మొదలయింది.

"రేపు చెకప్ ఉన్నది గద. నా దవాఖాన ఫైలు తీసి పెట్టు," అన్నాడు కళ్ళు మూసుకుని.

సత్యవతి బీరువా పైనుంచి ఫైలు దించి, దుమ్ము దులిపి, తెరిచింది.

రెండేళ్ళ నాటి డిశ్చార్జి కాగితానికి గుండుసూదితో గుచ్చిన పైన కత్తెరతో కత్తిరించిన సన్నటి కాగితపు ముక్క మీద, ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా ఉంది: "5. జాన్‌పహాడ్‌లో చాదర్, నా చేత్తోనే."